బేవార్సు ఎవరి మాట?

ప్రశ్న: మా దేవరకొండ దిక్కు పనీపాటా లేకుండ తిరిగేటోణ్ని 'బేవార్సుగాడు' అంటరు. ఈ మాట ఎట్ల పుట్టింది?

జవాబు: ఉర్దూ మీదుగా వచ్చింది. 'బే' అంటే ఫార్సీలో 'లేని'. 'వారిస్' అరబ్బీ మాట, హక్కుదారు. అంటే అడిగే దిక్కులేనిదని. బేకార్, బేఫికర్, బేహోష్‌లలో ఉన్నదీ ఈ 'బే'నే. అడిగేవాళ్లు లేని సామానును ఉర్దూలో 'లావారిస్' అంటారు. అరబ్బీ 'లా'కూ అదే అర్థం. సొత్తుకు సరిపోయే మాట మనిషికి అంటుకుంది: ఇంట్లో అడిగేవాళ్లు లేనట్టు తిరిగేవాడు బేవార్సు. తమాషా ఏమంటే, గంభీరంగా వినిపించే 'వారసత్వం'లోనూ ఈ 'వారిస్'కే సంస్కృత 'త్వం' తగిలించాం!

'పోరంబోకు' కథా ఇంతే. తమిళంలో 'పుఱం' అంటే బయట. శిస్తు లెక్కకు బయట ఉంచిన భూమి పోరంబోకు. అదీ తిట్టయింది. సోమరిని తిట్టడానికి మనకు భూమీ ఆస్తీ తప్ప వేరే పోలిక దొరకలేదేమో.

వాడకంలో జాగ్రత్త. దోస్తుల మధ్య 'ఏం బేవార్సుగ తిరుగుతున్నవ్‌రా' అంటే ఎగతాళి. పెద్దల ముందు మొరటు. నారాయణపేట దాటి రాయచూరు వైపు పోతే అసలే వద్దు: కన్నడంలో 'బేవర్సి' గట్టి బూతు.