తిన్నాక ఎంతసేపటికి మొదలవుతోందో ముందు చూడండి

గుణుపురం నుంచి మీరు అడిగింది ఇది: బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుని మూడు నెలలైంది, ఎండోస్కోపీ, స్కానింగ్ బాగానే ఉన్నాయన్నారు, అయినా ఏం తిన్నా కడుపు మెలిపెట్టడం, ఉబ్బరం, ఒక్కోసారి గుండె దడ. ఏం తినాలి, ఏం మానాలి?

నాదీ అదే ఆపరేషన్, పొట్టలో పైన చిన్న సంచి మాత్రం మిగిల్చి దాన్ని నేరుగా చిన్నపేగుకి కలిపేది. విశాఖలో చేయించుకున్నాను, ఉండేది మీలాగే ఒడిశాలో, రాయగడలో. కొన్నేళ్లు గడిచాయి. డాక్టర్ని కాను కాబట్టి మందుల జోలికి పోను, తిండి సంగతి మాత్రం చెబుతాను.

మనవాళ్లకి గుండె కింద నుంచి నడుము దాకా ఏది వచ్చినా పేరు ఒకటే, గ్యాస్. మా అత్తగారైతే వాము నమిలితే చాలంటారు. కానీ ఈ ఆపరేషన్ తర్వాత వచ్చే ఇబ్బందులు ఒక రకం కాదు, ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని పెంచుతుంది. అందుకే ఏం తినాలో అడిగే ముందు గడియారం చూసుకోండి. ముద్ద నోట్లో పెట్టాక ఎన్ని నిమిషాలకు మొదలైందో ఓ వారం పాటు రాసిపెట్టండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

తింటూండగానే గుండెల దగ్గర పట్టేసినట్టయి, నోట్లో నీళ్లూరి, నురగలాంటి వాంతి అయితే అది అరగకపోవడం కాదు, దిగకపోవడం. బైపాస్‌లో పైన మిగిల్చే సంచి సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు. అందులోకి వేడి వేడి ముద్ద అన్నం, చపాతీ, బ్రెడ్, ఎండిపోయిన కోడి ముక్క వెళితే ఉండ కట్టి కూర్చుంటాయి. అన్నం మానేయమని నేను చెప్పను. అన్నం మానేసి ఈ చుట్టుపక్కల ఎవరూ బతకలేరు. కంచంలో దాన్ని చివర పెట్టండి, అంతే. ముందు గుడ్డో చేపో పప్పో, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం. పెద్ద కంచం తీసేసి చిన్న గిన్నె, కాఫీ చెంచా పెట్టుకోండి. ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా తినండి. ఇక చాలు అనిపించాక ఇంకొక్క ముద్ద అనొద్దు, వాంతి తెచ్చేది ఆ ఒక్క ముద్దే.

తిన్న పది నిమిషాల నుంచి అరగంట లోపు దడ, చెమటలు, కడుపు మెలిపెట్టడం, నీళ్ల విరేచనం, ఒక్కసారి పడుకుంటే బాగుండు అనిపించడం: మీరు రాసిన లక్షణాలు ఎక్కువగా దీనికే సరిపోతున్నాయి. డాక్టర్లు డంపింగ్ అంటారు. మామూలుగా పొట్ట తిండిని కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. బైపాస్‌లో ఆ కాపలా తీసేశారు. తీపి, పలుచటి తిండి నేరుగా చిన్నపేగులోకి దిగితే, ఒంట్లోని నీరు దాని వెంట పేగులోకి చేరుతుంది. పేగు ఉబ్బుతుంది, బీపీ కాస్త తగ్గుతుంది, గుండె వేగం పెరుగుతుంది.

మన వంటింట్లో ఈ రెండూ, అంటే తీపీ నీళ్లూ, ఎక్కడ దాక్కున్నాయో చూడండి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ బెల్లం వేసి పలుచగా కాచి గ్లాసుతో తాగితే డంపింగ్ ఖాయం. అదే కొంచెం చిక్కగా కాచి, చల్లార్చి, మజ్జిగా ఉప్పూ కలిపి, చెంచాతో తింటే నాకు ఏమీ కాదు. బెల్లం మంచిది, పంచదారే చెడ్డది అనే మాట మన కొత్త పేగుకి తెలియదు. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండి పోషకాహారమే, పిల్లలకీ గర్భిణులకీ ఉద్దేశించింది. అందులో పంచదార ఉంటుంది, కాబట్టి ఇంట్లో ఉంది కదా అని కలుపుకోకండి. వేయించిన శనగపప్పు మెత్తగా దంచుకుని చిక్కటి మజ్జిగలో కలుపుకోండి, పని జరుగుతుంది. అది కూడా మొదట ఒక్క చెంచాతో చూసుకుని పెంచుకోండి, కొందరికి శనగ ఉబ్బరం చేస్తుంది.

పఖాళ, అంటే నీళ్లు పోసి నానబెట్టిన చద్దన్నం, గురించి విడిగా చెప్పాలి, ఎండాకాలంలో ఇక్కడ తెలుగిళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ మధ్యాహ్నం అదే కదా. మార్చి 20న పఖాళ దిబస అంటూ ఊరంతా హడావిడి కూడా. అన్నమూ నీళ్లూ కలిపి జుర్రుకోవడం మనకి కుదరదు. భోజనంతో నీళ్లు తాగొద్దని, తిన్నాక అరగంట ఆగమని ఆసుపత్రిలో చెప్పే ఉంటారు, పఖాళ అంటే సరిగ్గా ఆ తప్పే కంచంలోకి వచ్చినట్టు. నేను అన్నాన్ని నీళ్లలోంచి పిండి తీసి, గట్టి పెరుగు కలిపి, వేయించకుండా ఉడికించిన చేప ముక్కతో రెండు మూడు చెంచాలు తింటాను. ఆ తరవాణి (పులిసిన అన్నం నీళ్లు) పారబోయను, అరగంట దాటాక ఉప్పేసి గుక్క గుక్కగా తాగుతాను. ఎండల్లో రోజుకి లీటరున్నర తగ్గకుండా లోపలికి పోవాలి కాబట్టి అది నాకు బాగా కలిసొచ్చింది.

ఆసుపత్రి వాళ్లు చేతిలో పెట్టిన డైట్ చార్టులో ఓట్స్, బ్రకోలీ, అవకాడో రాశారు. రాయగడ సంతలో అవకాడో ఎవరు అమ్ముతారో వాళ్లకే తెలియాలి. మన ప్రాంతంలో అంతకన్నా మంచివి ఉన్నాయి. పంచదార కలపని తాజా ఛెనా (పాలు విరగ్గొట్టి తీసిన విరుగుడు ముద్ద) మెత్తగా ఉంటుంది, సులువుగా దిగుతుంది, వంద గ్రాముల్లో పదిహేను గ్రాములకు పైగా ప్రొటీన్. ఒడియా వాళ్ల డాల్మా అయితే మన కోసమే పుట్టిందనిపిస్తుంది: పప్పు, బొప్పాయి కాయ, గుమ్మడి, అరటికాయ అన్నీ మెత్తగా ఉడికి ఉంటాయి. కొబ్బరి, పోపులో నూనె తగ్గించుకోండి చాలు. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ అన్నది చాలామందికి చెప్పే కనీసం, మీ డైటీషియన్ చెప్పిన లెక్క వేరైతే అదే పాటించండి.

మూడో రకం తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వస్తుంది: వణుకు, చెమట, విపరీతమైన ఆకలి. తీపి తిన్నందుకు ఇన్సులిన్ ఎక్కువగా వచ్చి షుగర్ పడిపోవడం అది. మొదటి నెలల్లో కన్నా ఏడాది దాటాక ఎక్కువ. గ్లూకోమీటర్‌లో 70 కన్నా తక్కువ ఉంటే గ్లూకోజ్ తీసుకోవాల్సిందే, కానీ అంతటితో ఆపితే మళ్లీ పడిపోతుంది. వెనకే కొంచెం ఛెనానో గుడ్డో తినాలి, డాక్టర్‌కి చెప్పాలి.

పాలు తాగాక కడుపు గుడగుడలాడుతోందా? ఆపరేషన్ తర్వాత చాలామందికి పాలలోని చక్కెర పడదు. పెరుగు, ఛెనా అంత బాధించవు. సోడాలు, కూల్‌డ్రింకులు వద్దు. మలబద్ధకానికి తక్కువ నీళ్లూ, ఐరన్ మాత్రలూ కారణాలు. అయినా ఐరన్ మానొద్దు. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి, టీతో అసలే వేసుకోవద్దు. సాయంత్రం ముఢి (మరమరాలు), పకోడీ సంగతి కూడా చెప్పేస్తాను. ముఢి ఇబ్బంది లేకుండా దిగిపోతుంది, అందుకే అది ప్రమాదం. ఎంత తిన్నా కడుపు నిండదు, తగ్గిన బరువు దొంగదారిన తిరిగొచ్చేది అలాంటి వాటితోనే.

పెళ్లిళ్లలో మాత్రం గట్టిగా ఉండండి. "ఒక్క రసగుల్లాకి ఏమవుతుందమ్మా" అనే పెద్దమ్మ ప్రతి పందిట్లోనూ ఉంటుంది. ఏమవుతుందో వివరించబోతే అక్కడే వైద్య సభ మొదలవుతుంది. షుగర్ ఉందని చెప్పేస్తాను, వెంటనే వదిలేస్తారు. అబద్ధమే, కానీ పని చేసే అబద్ధం.

తిండితో సరిదిద్దుకోకూడనివి కూడా ఉన్నాయి. రోజంతా వాంతులై నీళ్లు కూడా నిలవకపోతే, నల్లటి విరేచనం, జ్వరం, ఆగని కడుపు నొప్పి, కూర్చున్నా తగ్గని గుండె వేగం ఉంటే పథ్యం మార్చుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి. వాంతులు రోజుల తరబడి సాగితే విటమిన్ బి1 పడిపోయి నరాలు దెబ్బతింటాయి, అందుకే ఆలస్యం పనికిరాదు. గుణుపురం నుంచి విశాఖ రాత్రికి రాత్రి వెళ్లడం సులువు కాదు. అందుకని డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి. ముందు దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లినా బైపాస్ అయిందని మొదటి మాటగా చెప్పండి. కడుపు నొప్పి అనగానే మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మాత్రం వేసుకోకండి, బైపాస్ చేసిన అతుకు దగ్గర పుండు పడుతుంది. నొప్పికి ఏది వాడొచ్చో మీ సర్జన్ని ఇప్పుడే అడిగి ఆ ఫొటో పక్కనే రాసిపెట్టుకోండి.