షుగర్ మాత్ర, అరుగుదల సిరప్ ఒకే పూటలోనా?

ప్రశ్న: మా మామయ్యగారికి షుగర్ ఉంది. ఈమధ్య డాక్టర్ అకార్బోజ్ అనే మాత్ర కొత్తగా రాసి మొదటి ముద్దతో వేసుకోమన్నారు. అప్పటి నుంచి ఒకటే గ్యాస్, కడుపులో గుడగుడ. మందుల షాపులో అడిగితే ఎంజైమ్ సిరప్ ఇచ్చారు, భోజనం కాగానే రెండు చెంచాలు తాగుతున్నారు. పర్వాలేదా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆ సిరప్ ఆపించండమ్మా. షాపువాళ్లకి గ్యాస్ అని చెబితే చెయ్యి ఆ సీసా మీదకే పోతుంది, షుగర్‌కి ఏం వాడుతున్నారని అడిగేవాళ్లు తక్కువ. కానీ ఈ రెండు మందులూ ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయి.

అన్నంలో ఉండే పిండిపదార్థం అంటే వందల వేల గ్లూకోజ్ పూసలు గుచ్చిన దండ. నోట్లో లాలాజలం నుంచి, ఆ తర్వాత క్లోమం నుంచి వచ్చే అమైలేజ్ అనే ఎంజైమ్ దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. చిన్నపేగు గోడ మీద కూర్చున్న ఇంకో ఎంజైమ్‌ల గుంపు ఆ ముక్కల్ని విడి గ్లూకోజ్‌గా విప్పితేనే అది రక్తంలోకి ఎక్కుతుంది. అకార్బోజ్ పని ఈ రెండు చోట్లా అడ్డుపడటం, దాంతో తిన్న వెంటనే షుగర్ ఒక్కసారిగా పెరగదు. అరగకుండా మిగిలింది పెద్దపేగుకి చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడతాయి, మామయ్యగారి గ్యాస్ అదే. అంటే మాత్ర పనిచేస్తోందన్నమాట.

ఇప్పుడు సిరప్ సీసా తిప్పి చూడండి. చాలావాటి మీద ‘ఫంగల్ డయాస్టేజ్, పెప్సిన్’ అని ఉంటుంది. డయాస్టేజ్ అంటే అమైలేజే, 1833లో ఫ్రాన్స్‌లో పేయెన్, పెర్సోజ్ మొలకెత్తిన బార్లీ నుంచి తీసినప్పుడు పెట్టిన పేరు. బూజు నుంచి దాన్ని తయారుచేసే పద్ధతికి జపాన్ రసాయన శాస్త్రవేత్త జోకిచి టకమినె 1894లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు, అది అరుగుదల మందుగా బాగా అమ్ముడుపోయింది. మీ సిరప్ ఆ కుటుంబానిదే. మాత్ర ఆపిన పనిని ఇది మళ్లీ మొదలుపెడుతుంది. కలిపి వాడొద్దని అకార్బోజ్ వివరాల కాగితంలోనే ఉంటుంది, కాకపోతే ఆ చీమల అక్షరాలు చదివేదెవరు!

అలాగని మాత్ర మీరే మానిపించకండి, డాక్టర్‌కి చెప్పండి. డోసు తగ్గించి నెమ్మదిగా పెంచుతారు, చాలామందికి కొన్ని వారాల్లో ఉబ్బరం తగ్గుతుంది. పంచదార, స్వీట్లు తగ్గిస్తే గ్యాస్ కూడా తగ్గుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆయన ఇన్సులిన్ గానీ షుగర్ బాగా దించే వేరే మాత్రలు గానీ వాడుతుంటే, షుగర్ పడిపోయి చెమటలు పట్టినప్పుడు పంచదార నోట్లో వేస్తే త్వరగా పనిచేయదు, ఎందుకంటే పంచదారని విడగొట్టే ఎంజైమ్‌కి కూడా ఈ మాత్ర తాళం వేస్తుంది. ఇంట్లో గ్లూకోజ్ పొడి పెట్టుకోండి.

ప్రశ్న: ఉలవచారు తిన్న రాత్రి మా ఇంట్లో అందరికీ కడుపు ఉబ్బరమే. పప్పుల గ్యాస్‌కి ఎంజైమ్ మాత్రలున్నాయట, పొడి చేసి చారు మరిగేటప్పుడు కలపొచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మరిగే చారులో వేస్తే డబ్బు పొయ్యిలో వేసినట్టే. ఎంజైమ్ ప్రొటీన్ కదండీ, ఆ వేడికి పాడైపోతుంది. మీరు చెప్పే మాత్ర ఆల్ఫా గెలాక్టోసైడేజ్, పైన చెప్పిన డయాస్టేజ్ కాదు. ఉలవలు, సెనగలు, అలసందల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి, వాటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేనే లేదు. అందుకే డయాస్టేజ్ సిరప్ ఎంత తాగినా పప్పు గ్యాస్ తగ్గదు. ఈ మాత్రైనా మొదటి ముద్దలతోనే వేసుకోవాలి, ఉబ్బరం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. అకార్బోజ్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీన్నీ ముట్టుకోకూడదు.

మామూలుగా పప్పులు నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఈ చక్కెరలు కొంత పోతాయి. మొలకెత్తిస్తే గింజలోని ఎంజైమే వాటిని చాలావరకు తినేస్తుంది. ఉలవచారుతో చిక్కేంటంటే అక్కడ మనం తాగేదే ఉలవలు ఉడికిన నీళ్లు! నానబెట్టిన నీళ్లు వంపేసి కొత్త నీళ్లలో ఉడికించండి, రుచి కాస్త తగ్గిందని పెద్దవాళ్లు గొణిగితే గొణగనివ్వండి. వెన్న మీగడతో గిన్నెడు లాగించే అలవాటుంటే మాత్రం నింద అంతా ఉలవల మీదే వేయకండి.

ప్రశ్న: జీన్స్ లేబుల్ మీద ‘బయోవాష్’ అంటే ఏంటి? బట్ట త్వరగా చిరుగుతుందా?
– ఒక విద్యార్థి, మంగళగిరి

జవాబు: పత్తి నూలంటే దాదాపు అంతా సెల్యులోజే. దాన్ని కొరికే సెల్యులేజ్ ఎంజైమ్‌తో ఉతికితే పైన లేచిన నూగు పోయి బట్ట మెత్తబడుతుంది, జీన్స్‌లో నీలిరంగు దారం పైపైనే ఉంటుంది కాబట్టి వెలిసిన అందం కూడా వస్తుంది. అంతకుముందు ఇదే పనికి ప్యూమిస్ రాళ్లేసి తిప్పేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు చివికిపోతుంటే కారణం వెతికారు, అప్పుడు దొరికిన ట్రైకోడెర్మా బూజు సంతతే ఇప్పటికీ సెల్యులేజ్ ఫ్యాక్టరీలకి ఆధారం. మీ ఊరి నేతగాళ్లు పడుగుకి గంజి పెడతారు కదా, మిల్లుల్లో అలాంటి గంజిని వదిలించేది మళ్లీ మన అమైలేజే.

సరైన సమయానికి ఎంజైమ్‌ని ఆపితే బట్టకి ఢోకా లేదు. ఎక్కువసేపు వదిలేస్తేనే నూలు బలం తగ్గుతుంది. కొనేముందు మోకాళ్ల దగ్గర, జేబు అంచుల దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకుని పలచబడిందేమో చూసుకోండి.