బుధవారం సంత ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు

ప్రశ్న: స్లొవాకియా లీగ్ పట్టికలో కనిపించే 'డి.ఎ.సి.' ఏ ఊరి జట్టు? ఆ పేరుకు అర్థం ఏమిటి? (గుంటూరు పాఠకుడు)

జవాబు: ఊరు దునాయ్‌స్కా స్ట్రెడా. స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా నుంచి ఆగ్నేయంగా సుమారు 45 కిలోమీటర్లు, కొమార్నో వెళ్లే రైలు మార్గం మీద ఉంటుంది. జనాభా 23 వేల లోపు. వాళ్లలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది హంగేరియన్లు. వాళ్ల భాషలో ఈ ఊరు దూనసెర్దహెయ్. స్లొవాక్‌లో 'స్ట్రెడా' అన్నా, హంగేరియన్‌లో 'సెర్ద' అన్నా బుధవారమే. దూన అంటే డాన్యూబ్ నది, హెయ్ అంటే చోటు. బుధవారం సంత జరిగే చోటు కనుక ఆ పేరు వచ్చింది. ఏలూరు పక్కన శనివారపుపేట, హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్ ఉన్న మనకు ఇది కొత్తేమీ కాదు. యంత్రానువాదంలో 'బుధవారం ఓడిపోయింది' అని కనిపిస్తే, ఓడింది ఈ జట్టేనని గ్రహించండి.

డి.ఎ.సి. అంటే హంగేరియన్‌లో దూనసెర్దహెయ్ అథ్లెటిక్ క్లబ్బు. పలికేటప్పుడు మూడక్షరాలనూ కలిపి 'డాట్స్' అంటారు. రంగులు పసుపు, నీలం. అభిమానుల కండువాల మీద కనిపించే 1904 క్లబ్బు పుట్టిన ఏడాది.

ప్రశ్న: 1904లో స్లొవాకియా అనే దేశమే లేదు కదా, మరి ఇది ఏ దేశపు క్లబ్బు? పాత ఆటగాళ్ల వివరాలు వెతికితే సగమే దొరుకుతున్నాయి. (బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: క్లబ్బు ఉన్న చోటే ఉంది, సరిహద్దులే కదిలాయి. పుట్టినప్పుడు అది హంగరీ రాజ్యం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ప్రాంతం చెకొస్లొవేకియాకు వెళ్లింది. 1938లో మళ్లీ హంగరీకి, 1945లో మళ్లీ చెకొస్లొవేకియాకు మారింది. 1993 నుంచి స్లొవాకియా. మీకు సగమే దొరకడానికి కారణం ఇదే.

వెతికేటప్పుడు ఊరి పేరును రెండు భాషల్లోనూ ఇవ్వండి. 1938-45 నాటి ఫలితాల కోసం హంగరీ పత్రికలు చూడాలి. ఆటగాళ్ల పేర్ల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త అవసరం. హంగేరియన్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, స్లొవాక్‌లో అది చివర వస్తుంది. పైగా సొంత పేరు కూడా భాషను బట్టి మారుతుంది. 1980లలో ఈ జట్టుకు శిక్షణ ఇచ్చిన ఆయన స్లొవాక్ రికార్డుల్లో కరొల్ పెట్సె, హంగేరియన్ రాతల్లో పెట్సె కారోయ్. తెలియకపోతే ఇద్దరు శిక్షకులు ఉన్నారనుకుంటాం! ముందు ఇంటిపేరు ఒక్కటే వేసి వెతకండి. తర్వాత ఊరు, ఏడాది సరిపోతున్నాయేమో చూసుకోండి.

క్లబ్బు పేరుకూ తోకలు తగిలాయి. 1980లలో 'పొల్నొహొస్పొదార్', అంటే వ్యవసాయదారుడు, అనే మాట చేర్చారు. డాన్యూబ్ పాయల మధ్య ఉన్న ఈ నేల సారవంతమైన పంటభూమి, ఆ పేరు అందుకు తగ్గదే.

ప్రశ్న: ఇంత చిన్న ఊరి జట్టు జర్మనీ దిగ్గజ జట్టు బేయర్న్ మ్యూనిక్‌తో ఆడిందంటే నమ్మవచ్చా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: నిశ్చింతగా నమ్మండి. 1985లో చెకొస్లొవేకియా మొదటి లీగ్‌లోకి వచ్చిన జట్టు, రెండేళ్లకే కప్పు గెలిచింది. అప్పట్లో చెక్ భాగానికీ స్లొవాక్ భాగానికీ వేర్వేరు కప్పులు ఉండేవి. ఆ ఇద్దరు విజేతలూ తలపడితే చెకొస్లొవేకియా కప్పు తేలేది. 1987లో అవతల ఉన్నది స్పార్టా ప్రాగ్. అప్పటి దేశ రాజధాని జట్టును పెనాల్టీ కిక్‌లలో ఓడించారు. ఆ గెలుపుతో యూరప్ కప్ విన్నర్స్ కప్‌లో (వివిధ దేశాల కప్పు విజేతల పోటీ) అడుగుపెట్టి సైప్రస్ జట్టును దాటారు, తర్వాత స్విట్జర్లాండ్ జట్టు యంగ్ బాయ్స్ చేతిలో ఆగిపోయారు. 1987-88 లీగ్‌లో మూడో స్థానం రావడంతో మరుసటి సీజన్ యూఈఎఫ్ఏ కప్‌లో (యూరప్ క్లబ్బుల మరో పోటీ) చోటు దక్కింది. అక్కడ రెండో రౌండ్‌లో బేయర్న్ ఎదురైంది: మ్యూనిక్‌లో 1-3, సొంత ఊళ్లో 0-2. ఓటమే అయినా, వేల మంది జనాభా ఉన్న ఊరి మైదానానికి బేయర్న్ రావడం చిన్న సంగతి కాదు.

ఆ రోజుల పట్టికలు చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: గెలుపుకు రెండు పాయింట్లే, ఇప్పటిలా మూడు కాదు. 1987-88 పాయింట్లను ఈనాటి పాయింట్లతో నేరుగా పోల్చకూడదు.

ప్రశ్న: తర్వాత ఏమైంది? ఇప్పుడు పరిస్థితి ఎలా ఉంది? (కాకినాడ పాఠకుడు)

జవాబు: కింది స్థాయికి పడిపోయి, 2008లో సెనెట్స్ క్లబ్బుతో విలీనమై పై లీగ్‌కు చేరింది. మళ్లీ దిగి, 2013లో తిరిగి వచ్చింది. 2014లో ఓస్కార్ విలాగి యజమాని అయ్యాక నిలదొక్కుకుంది. పాత మైదానం ఉన్న చోటే 12,700 సీట్ల మోల్ అరేనా 2019కి పూర్తయింది. అంటే ఊళ్లో సగానికి పైగా జనం ఒకేసారి కూర్చోవచ్చు. శిక్షణ అకాడమీకి హంగరీ ప్రభుత్వ నిధులు కూడా అందాయి.

2018-19, 2020-21, 2022-23 సీజన్లలో రెండో స్థానం. మూడుసార్లూ పైన ఉన్నది స్లొవాన్ బ్రాటిస్లావాయే. లీగ్ టైటిల్ మాత్రం ఇంకా చేజిక్కలేదు. పట్టికలో ఒక చిక్కు ఉంది, చూసుకోండి: 12 జట్లు 22 రౌండ్లు ఆడాక, పై ఆరు ఒక గుంపుగా, కింది ఆరు ఒక గుంపుగా విడిపోయి, పాత పాయింట్లతోనే మరో 10 రౌండ్లు ఆడతాయి. 22వ రౌండ్ దగ్గర ఉన్న స్థానాన్నే తుది స్థానం అనుకుంటే లెక్క తప్పుతుంది.