తయారీ ఆగిపోయిన రోలెక్స్ సబ్‌మెరీనర్ 16610ను నకిలీల బారిన పడకుండా కొనడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 2010లో తయారీ ఆగిపోయిన సబ్‌మెరీనర్ 16610 మోడల్ డైవింగ్ వాచీని సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నారు. దుబాయిలో ఉన్న మీ బావగారు అక్కడ అమ్మకానికి ఉన్న ఒక వాచీ ఫోటోలు పంపారు. పెట్టె, కాగితాలు అన్నీ ఉన్నాయని అమ్మేవాడు చెబుతున్నాడు. అది అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి? ఇదే మోడల్‌ను చాలాకాలం వెతికి కొని, ఇప్పటికీ వాడుతున్నవాడిగా నాకు తెలిసింది చెబుతాను. ఫోటోలు చూసి ఒక వాచీ నకిలీ అని కొన్నిసార్లు చెప్పవచ్చు గానీ, అసలుదేనని ఎంతటి నిపుణుడూ ధ్రువీకరించలేడు. కాబట్టి ఫోటోల మీద ఒక్క దిర్హామ్ కూడా అడ్వాన్సుగా ఇవ్వవద్దని మీ బావగారికి ముందే చెప్పండి.

బజారులో ఫస్ట్ కాపీ పేరుతో దొరికేవాటి గురించి మీరు పెద్దగా భయపడనక్కరలేదు. తేదీ మీది భూతద్దం అంకెను రెండున్నర రెట్లు పెద్దదిగా చూపించాల్సింది పోయి అంతంతమాత్రంగా చూపించడం, వెనుక మూత మీద బొమ్మలు చెక్కి ఉండడం వంటి లోపాలతో అవి తొందరగానే దొరికిపోతాయి. సూపర్ క్లోన్ అనే రకం కష్టం. దానిలో యంత్రాన్ని కూడా అసలుదాని నమూనాలోనే తయారు చేస్తారు. అయితే నా దృష్టిలో కొనేవాడిని నిజంగా ముంచేది మూడో రకం: కేసు (యంత్రాన్ని పట్టి ఉంచే లోహపు ఒళ్లు) అసలుది, డయల్ ఇంకో వాచీది, పట్టీ ఎక్కడిదో, లోపల ఒకటి రెండు భాగాలు నకిలీవి. ఇటువంటి వాచీలో ఏ భాగాన్ని చూపించినా అమ్మేవాడు ధైర్యంగా ఇది అసలుదేనని అనగలడు, చాలాసార్లు ఆ మాట నిజం కూడా అవుతుంది.

అందుకే నేను ప్రతి భాగాన్నీ విడివిడిగా అసలుదా నకిలీదా అని చూడడం కంటే, అన్ని భాగాలూ ఒకే కాలానికి చెందినవా అని చూస్తాను. స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూసినట్టే ఇదీ. 16610 పైకి 1980ల చివరి నుంచి 2010 వరకు ఒకే రూపంలో కనిపించినా, ఆ రెండు దశాబ్దాలలో దానిలో చిన్న చిన్న మార్పులు వస్తూనే ఉన్నాయి, ఆ మార్పుల కాలక్రమమే మీ చేతిలోని ఆయుధం.

ముందుగా సీరియల్ నంబరు చూడాలి. పట్టీని విప్పితే, ఆరు గంటల వైపున, పట్టీని పట్టి ఉంచే కేసు కొమ్ముల మధ్య సీరియల్ నంబరు, పన్నెండు గంటల వైపున మోడల్ నంబరు ఉంటాయి. ఆ కాలపు సీరియల్‌లో మొదటి అక్షరం తయారీ ఏడాదిని సుమారుగా చెబుతుంది: ఎస్ అయితే 1993 ప్రాంతం, పి అయితే 2000, కె 2001, వై 2002, జెడ్ 2006, ఎం 2007. పది రెట్లు పెద్దదిగా చూపించే లూపుతో చూస్తే అసలు వాచీ మీది అంకెల గీతలు పదునుగా, లోతుగా ఉండి, వాచీని కొంచెం వంచగానే వెలుతురు పడి తళుక్కుమంటాయి. నకిలీ కేసు మీద అవే అంకెలు చాలాసార్లు ఆమ్లంతో తినిపించినట్టు గరుకుగా, ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. పట్టీ విప్పి చూపించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే అక్కడితో లేచి రావడం మంచిది.

తరువాత డయల్. దాని అడుగు అంచున ఉండే సన్నని అక్షరాలను చాలామంది పట్టించుకోరు గానీ, నాకు అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చింది అవే. 1998 ప్రాంతం వరకు వచ్చిన డయళ్ల మీద స్విస్ అనే మాటతో పాటు టి<25 అని ఉంటుంది. చీకట్లో మెరిసే గుర్తులలో ట్రీషియం అనే రేడియోధార్మిక పదార్థం ఉందని దాని అర్థం. ఆ తరువాత కొద్దికాలం స్విస్ అని మాత్రమే, 2000 ప్రాంతం నుంచి స్విస్ మేడ్ అని ఉంటుంది. అప్పటికి ట్రీషియం పోయి, వెలుతురును పీల్చుకుని మెరిసే పదార్థం వచ్చింది. ట్రీషియం అర్ధాయువు సుమారు 12.3 ఏళ్లు కాబట్టి, 1993 నాటి డయల్ ఈ రోజు చీకటి గదిలో దాదాపు మెరవకూడదు. తెల్లని చుక్కలు మీగడ రంగుకు తిరిగి ఉండడం కూడా మామూలే. టి<25 అని రాసి ఉన్న డయల్ టార్చి చూపించగానే వెలిగి నిమిషాల తరబడి మెరుస్తూ ఉంటే, ఎవరో గుర్తులకు కొత్తగా పూత వేశారన్నమాట. చుక్కలు మీగడ రంగులో ఉండి ముళ్లు మాత్రం తెల్లగా ఉంటే, ముళ్లు మార్చారన్నమాట.

హైదరాబాదులో నేను చూసిన ఒక వాచీ సరిగ్గా ఇటువంటిదే. సీరియల్ ఎస్‌తో మొదలవుతోంది, డయల్ మీద మాత్రం స్విస్ మేడ్ అని ఉంది, లైటు ఆర్పగానే చుక్కలన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. నాతో వచ్చిన వాచీ మెకానిక్ దానిని తేరిపార చూసి, డయల్ కంపెనీదేననీ, ఎప్పుడో సర్వీసింగులో మార్చి ఉంటారనీ చెప్పారు. అది మోసం కాదు, కానీ అమ్మేవాడు అడుగుతున్నది ఎక్కడా చెయ్యి పడని వాచీకి పలికే ధర. అటువంటి తేడా తేలినప్పుడు ధర తగ్గించమని అడగడం న్యాయమే. తగ్గించకపోతే వదిలేయడం అంతకంటే తేలిక.

చివరికి నేను కొన్నది వై సీరియల్ వాచీ. 2002 నాటిది కాబట్టి డయల్ మీద స్విస్ మేడ్ ఉండాలి, ఉంది. పట్టీని కేసుకు కలిపే చివరి ముక్క 2000 ప్రాంతం వరకు రేకు మడతలా బోలుగా ఉండేది, ఆ తరువాత గట్టి ముక్కగా మారింది; దీనికి గట్టి ముక్కే ఉంది. కేసు కొమ్ముల పక్కన కనిపించే పిన్ను రంధ్రాలు సుమారు 2003 వరకు ఉండేవి; అవీ ఉన్నాయి. డయల్ చుట్టూ ఉండే లోపలి రింగు మీద రోలెక్స్ అనే పేరు వరుసగా చెక్కడం 2007 ప్రాంతంలో గానీ రాలేదు, దీనిమీద లేదు. ఈ సంగతులన్నీ ఒకే కాలాన్ని చూపించాకే నేను ధర మాట్లాడాను.

మీ బావగారు చూసింది ఆకుపచ్చ బెజెల్ (అద్దం చుట్టూ బయట తిరిగే రింగు) ఉన్నదైతే ఇంకా జాగ్రత్త పడాలి. సబ్‌మెరీనర్‌కు 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2003లో వచ్చిన 16610ఎల్‌వి ధర నల్లదాని కంటే బాగా ఎక్కువ పలుకుతుంది. బెజెల్‌లో ఉండేది పలుచని అల్యూమినియం రింగు మాత్రమే కాబట్టి నల్లది తీసి ఆకుపచ్చది అమర్చడానికి ఎక్కువసేపు పట్టదు. ఎల్‌విలో గంట గుర్తులు మామూలు 16610 కంటే పెద్దవి, ముళ్లు వెడల్పైనవి. చిన్న చుక్కల డయల్‌కు ఆకుపచ్చ బెజెల్ ఉన్నా, సీరియల్ 2003 కంటే చాలా వెనకటిది అయినా అది ఎల్‌వి కాదు.

ఇవన్నీ సరిపోయినా వెనుక మూత తెరిపించకుండా డబ్బు కట్టవద్దు. లోపల ఉండాల్సింది రోలెక్స్ సొంతంగా చేసిన 3135 నంబరు యంత్రం. సెకన్ల ముల్లు జారుతున్నట్టు కదలడం పరీక్ష కానే కాదు. గంటకు 28,800 సార్లు కొట్టుకునే యంత్రం ఏదైనా అలాగే కదులుతుంది, క్లోన్లదీ అదే వేగం. చూడాల్సింది అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిర్ణయించే బ్యాలెన్స్ చక్రాన్ని. దాన్ని పైనుంచి పట్టి ఉంచే వంతెనలాంటి లోహపు ముక్క రెండు వైపులా బిగించి ఉంటుంది, వేగం సరిచేయడానికి పక్కకు జరిపే మీట ఉండదు, చక్రపు లోపలి అంచున బంగారు రంగు చిన్న నట్లు ఉంటాయి. క్లోన్లు ఈ అమరికను కూడా అనుకరిస్తాయి. కానీ అంచుల నునుపులోనూ చెక్కిన అక్షరాల స్పష్టతలోనూ తేలిపోతాయి. ఆ తేడా మీకూ నాకూ కనబడదు. అసలు 3135లను విప్పి బిగించిన చేతులున్న మెకానిక్‌కు కనబడుతుంది, అతనికి ఇచ్చే ఫీజు ఈ మొత్తం వ్యవహారంలో అతి చిన్న ఖర్చు. మూత తెరిచాక నీటి పీడన పరీక్ష కూడా చేయించండి. 300 మీటర్ల లోతుకు తయారైన వాచీ అయినా, లోపలి రబ్బరు రింగులు పాతబడితే కుళాయి నీటికి కూడా ఓర్చుకోదు.

పెట్టె, కాగితాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అవి విడిగా అమ్ముడవుతాయి, నకిలీవి కూడా తయారవుతాయి. 2006 ప్రాంతం వరకు గ్యారంటీ కాగితం మీద సీరియల్‌ను రంధ్రాలు పొడిచి ఇచ్చేవారు, తరువాత ప్లాస్టిక్ కార్డు వచ్చింది. 2002 వాచీకి ప్లాస్టిక్ కార్డు చూపిస్తే అక్కడే అడగండి. కంపెనీ సర్వీస్ సెంటర్ ఇటీవల ఇచ్చిన సర్వీస్ కార్డు ఉంటే అది వీటన్నిటికంటే విలువైనది, ఎందుకంటే నకిలీ భాగాలున్న వాచీని వాళ్లు అలాగే సర్వీసు చేసి ఇవ్వరు.

కొంచెం ఎక్కువ పెట్టగలిగితే, రోలెక్స్ 2022 డిసెంబరులో ప్రారంభించిన సర్టిఫైడ్ ప్రీ-ఓన్డ్ పథకం కింద అధికారిక డీలర్ల దగ్గరే పాత వాచీలు రెండేళ్ల గ్యారంటీతో దొరుకుతున్నాయి. ప్రశాంతంగా నిద్రపోవాలనుకునే వారికి నేను అదే చెబుతాను. బయట కొనేటట్టయితే సీరియల్ నంబరును దొంగతనానికి గురైన వాచీల జాబితా ఉంచే లండన్‌లోని వాచ్ రిజిస్టర్ సంస్థ ద్వారా రుసుము కట్టి తనిఖీ చేయించండి. అసలు వాచీ అయినా దొంగ సొత్తు అయితే రేపు సర్వీసుకు ఇచ్చినప్పుడు చిక్కుల్లో పడేది మీరే. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్లతో పాటు, కంపెనీవి కాని భాగాలు తేలితే ఫలానా గడువులోగా పూర్తి డబ్బు వాపసు ఇస్తామన్న మాట రాయించుకోండి, చెల్లింపు బ్యాంకు ద్వారానే చేయండి. మీ బావగారు ఆ వాచీని ఇక్కడికి తెచ్చేటప్పుడు చేతికి పెట్టుకున్నా సరే, ఉచిత పరిమితి దాటినందున శంషాబాదులో కస్టమ్స్‌కు చెప్పి సుంకం కట్టాలి, అందుకు కూడా ఆ బిల్లే కావాలి. ధర బేరం చేసే ముందే ఆ సుంకాన్ని లెక్కలో వేసుకుంటే, హైదరాబాదులో చెప్పే రేటుకూ దుబాయి రేటుకూ మధ్య మీరు అనుకుంటున్నంత తేడా మిగలకపోవచ్చు.