తొమ్మిది ఆటల సీజన్ గురించి రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

1951 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గురించి తెలుగులో పుస్తకం రాయడానికి ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో దిగులే వినిపించింది. నాకు మాత్రం దిగులు సగం, గర్వం సగం. ఆ జట్టు ఆడిన పాత కెజార్ స్టేడియాన్ని పడగొట్టక ముందే కళ్లారా చూసినవాణ్ణి, ఆ జట్టు గురించి రాసి తప్పు చేసినవాణ్ణి కూడా. అందుకే ఈ ఉత్తరం.

ఆట నియమాలు ముందు నేర్చుకో. ఆనాటి దినపత్రికలు చదువు. ప్రతి స్కోరునూ రెండు చోట్ల సరిచూసుకో.

తొమ్మిది ఆటలు ఆడి తొమ్మిదీ గెలిచారు కదా అని తొమ్మిదింటినీ ఒకే కొలతలో రాయకు. కాలేజ్ ఆఫ్ పసిఫిక్ మీద 47–14తో గెలిచిన ఆటకు ఒక పేరా చాలు. న్యూయార్క్ వెళ్లి ఫోర్డ్‌హామ్‌ను 32–26తో దాటిన ఆట దగ్గర మాత్రం ఆగు. ఆలీ మాట్సన్ ఆ రోజు రెండుసార్లు కిక్ఆఫ్ బంతిని అందుకుని టచ్‌డౌన్ దాకా పరుగెత్తాడు. ప్రత్యర్థి తన్నిన బంతిని తన కొస దగ్గర పట్టుకుని, ఎదురొచ్చే పదకొండు మందిని తప్పించుకుంటూ ఆ కొస దాకా వెళ్లడం ఎంత అరుదో మన పాఠకుడికి ఓపికగా చెప్పు. ఆ సీజన్‌లో అతను పరుగెత్తిన 1,566 గజాలు దేశంలోనే అత్యధికమన్న మాటకు అప్పుడే బరువు వస్తుంది. జినో మార్కెట్టి యూరప్‌లో యుద్ధం చేసి వచ్చి కాలేజీలో చేరినవాడని మరచిపోకు; ప్రాణభయం చూసి వచ్చిన మనిషి పక్కన నిలబడి ఆడిన కుర్రవాళ్ల జట్టు అది.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం. సీజన్ చివర మేటి కాలేజీ జట్లను పిలిచి మయామీలో ఆడించే ఆరెంజ్ బౌల్ ఆట 1952 జనవరి 1న ఉంది; దానికి పిలుపు రావాలంటే నల్లజాతి ఆటగాళ్లయిన మాట్సన్‌నూ బర్ల్ టోలర్‌నూ ఇంటి దగ్గర వదిలి రావాలన్న షరతు వచ్చిందనీ, జట్టంతా ఒప్పుకోలేదనీ ఆటగాళ్లు తర్వాతి కాలంలో చెప్పారు. ఆ జట్టు ఎదుర్కొన్న ప్రత్యర్థులు బలహీనులన్న వాదన కూడా ఉంది. రెండూ రాయి. నీకు నచ్చని వాదనను దాచావంటే, నిజమైన అన్యాయాన్ని కూడా పాఠకుడు నమ్మడు. చివరికి మయామీలో జార్జియా టెక్, బేలర్ ఆడాయి. బౌల్ డబ్బు రాలేదు, ఖర్చు భరించలేక విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్‌నే ఆపేసింది. ఓటమి ఎరుగని జట్టుకు మరో సీజన్ లేకుండా పోయింది.

నా తప్పు ఇక్కడే జరిగింది. ముప్పై ఏళ్ల కిందట ఒక తెలుగువారి సంచికకు ఈ జట్టు గురించి ఆరు పేజీల వ్యాసం రాశాను, దానికి ఇంగ్లీషు అనువాదం కూడా చేసుకున్నాను. మా పక్కింట్లో ఓడల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక నల్లజాతి పెద్దాయన ఉండేవారు. కెజార్‌లో ఆ జట్టు ఆటలు చూసినవారు కాబట్టి, మెచ్చుకుంటారన్న ఆశతో ఆ కాగితాలు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, పెన్సిల్ పట్టుకుని, వేలు ఒక్కొక్క వాక్యం కింద జరుపుతూ అరగంట చదివారు. చదవడం పూర్తయ్యాక పెన్సిల్ బల్ల మీద పెట్టి, “మార్కెట్టి పేరు పదకొండుసార్లు ఉంది, మాట్సన్, టోలర్ పేర్లు చెరొకసారి ఉన్నాయి, మిగతా చోట్లన్నీ ‘ఆ ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లు’ అని ఉంది” అన్నారు. కోపంగా అనలేదమ్మా. లెక్క చెప్పినట్టు చెప్పారు.

ఆరు పేజీల నిండా తెల్ల ఆటగాళ్ల త్యాగాన్ని పొగిడాను. తమ వల్లే జట్టు మొత్తం నష్టపోతోందన్న బరువును ఇరవై ఒకటి, ఇరవై మూడేళ్ల ఇద్దరు యువకులు ఎలా మోశారోనని ఒక్క వాక్యంలో కూడా ఆలోచించలేదు. మాట్సన్ మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం, రిలేలో రజతం గెలిచాడని నాకు తెలుసు, రాయలేదు. మోకాలు దెబ్బతిని ఆడే అవకాశం పోగొట్టుకున్న టోలర్, పాఠశాలలో పనిచేస్తూ, 1965లో వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆట నడిపించే తొలి నల్లజాతి అధికారిగా మైదానంలోకి తిరిగొచ్చాడు; పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కూడా అయ్యాడు. అదీ రాయలేదు. నా వ్యాసంలో వాళ్లు ఎవరో జాలిపడితే నిలబడ్డవాళ్లుగా మిగిలిపోయారు. అచ్చయిన దాన్ని దిద్దే వీలు లేకపోయింది. ఆయన పోయేదాకా ప్రతి సాయంత్రం పలకరించారు, ఆ వ్యాసం ఊసు మాత్రం మళ్లీ ఎత్తలేదు.

నువ్వు ఆ పని చేస్తే ఊరుకోను, చెబుతున్నాను. కానీ నువ్వు చేయవు. చిన్నప్పుడు బొమ్మల కొలువులో వెనక వరస బొమ్మలకు కూడా పేర్లు పెట్టి పిలిచిన పిల్లవు నువ్వు.

గ్రంథాలయాల కోసం ఊళ్లు తిరిగేటప్పుడు రాత్రివేళ కారు నడపకు, వేళకు తిను. డబ్బు అవసరమైతే మీ నాన్నకంటే ముందు నాకు చెప్పు. ఆ పక్కింటి పెద్దాయన చదివిన ఇంగ్లీషు కాగితాలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మార్జిన్లలో ఆయన లెక్క కోసం గీసుకున్న పెన్సిల్ గీతలు ఉన్నాయి, వాటిని చెరపకు.

ఆశీస్సులతో,
పెదనాన్న