ఫైబర్ వంతెన ఊగితే విరిగిపోతుందా?

"ఫైబర్‌తో కట్టిన ఫుట్‌బ్రిడ్జి మీద నడిస్తే ఊగుతుందట, నమ్మొచ్చా?" అని అడిగారు. నమ్మొచ్చు. ఇక్కడ ఫైబర్ అంటే గాజు పీచు కలిపి చేసిన గట్టి ప్లాస్టిక్. ఊగడం వేరు, విరగడం వేరు.

స్కాట్లాండ్‌లో ఎమ్మెస్సీ చేసేటప్పుడు ఒక ఆదివారం నేనూ రూమ్మేటూ అబర్‌ఫెల్డీ వెళ్లాం. అక్కడ గోల్ఫ్ మైదానంలో టే నది మీద 1992లో కట్టిన వంతెన ఉంది, పొడవు 113 మీటర్లు, మధ్య స్పాన్ (రెండు స్తంభాల మధ్య దూరం) 63. స్తంభాలూ, నడిచే డెక్కూ గ్లాస్ ఫైబర్, కేబుళ్లలో కెవ్లార్ అనే గట్టి పీచు. ప్యానెళ్లను ఒకదాంట్లో ఒకటి ఇరికించి జిగురుతో అతికించారు, ఆ పని చేసింది డండీ యూనివర్సిటీ విద్యార్థులే. నది మధ్యకి వచ్చేసరికి అరికాళ్ల కింద సన్నటి కదలిక మొదలైంది. మావాడు ఠక్కున రెయిలింగ్ పట్టుకుని "వెనక్కి పోదాం రా" అన్నాడు. ఇంతలో ఒక పెద్దాయన గోల్ఫ్ ట్రాలీ లాక్కుంటూ మా పక్కనుంచే వెళ్లిపోయాడు. ఆయన వేసే ప్రతి అడుగూ మా కాళ్లకి తెలుస్తోంది, ఆయనకి మాత్రం అసలు పట్టలేదు.

ఈ గ్లాస్ ఫైబర్ పదార్థం బరువు ఇనుములో దాదాపు నాలుగో వంతు, కానీ బిగువు (వంగకుండా నిలిచే గుణం) ఎనిమిదో వంతు కూడా కష్టమే. మనిషి సెకనుకి సుమారు రెండడుగులు వేస్తాడు, వంతెన సహజ కంపనం (సెకనుకి అది తనంతట తాను ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) దానికి దగ్గరగా ఉంటే ఊగుతుంది. అందుకే డిజైన్‌లో లెక్కంతా వంపూ కంపనం చుట్టూనే తిరుగుతుంది, విరిగే లోడ్ ఇంకా చాలా దూరంలో ఉంటుంది.

నన్నడిగితే భయపడాల్సింది జాయింట్ల గురించి. నేను పనిచేసిన వర్క్‌షాప్‌కి ఒకసారి ఇనుప ట్రస్ (త్రికోణాల చట్రం) డ్రాయింగే పంపారు, మెటీరియల్ దగ్గర మాత్రం ఎఫ్‌ఆర్‌పీ, అంటే ఈ పీచు ప్లాస్టిక్, అని మార్చి! అంచుకి అంత దగ్గరగా రంధ్రం వద్దని మొత్తుకున్నా వినలేదు. నమూనా ముక్కకి బోల్టు బిగించి లాగితే టప్‌మని శబ్దం, బోల్టు ముందున్న భాగమంతా పీచు వెంట చీలి ఊడొచ్చింది. ఇనుమైతే ముందు సాగి మనకి తెలిసేలా చేస్తుంది, ఇది చేయదు. కోసిన అంచులకి రెజిన్ (పూశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) కూడా పూయరు, అక్కడినుంచే నీళ్లు లోపలికి దిగుతాయి. ఇంత చేసి చివరికి "ప్లాస్టిక్ కదండీ, అంతే" అంటారు. ఒళ్లు మండుతుంది నాకు.

స్విట్జర్లాండ్‌లోని పాంట్రెసీనాలో 1997లో వేసిన ఫైబర్ వంతెనకి రెండు స్పాన్లు, ఒక్కోటి 12.5 మీటర్లు. ఒకదాని జాయింట్లని జిగురుతో, రెండోదానివి బోల్టులతో కలిపారు. ఎనిమిదేళ్ల తర్వాత పరీక్షిస్తే బిగువు తగ్గలేదు. మీ ఊళ్లో ఎవరైనా ఫైబర్ వంతెన కడతామంటే ముందు జాయింట్ డ్రాయింగులు చూపించమనండి.