ఐదు లక్షలతో మన ఊరి రైతులకు ఏం చేయవచ్చు?

విదేశాల్లో ఉంటున్న మీరు ఆరుగురు స్నేహితులు కలిసి సొంత ఊరి రైతుల కోసం ఐదు లక్షలు పోగు చేశారు. బోరు వేయించాలా, ట్రాక్టరు కొనివ్వాలా, స్వచ్ఛంద సంస్థకు ఇవ్వాలా అని అడిగారు. మూడింటిలో దేన్నీ ఇప్పుడే ఖాయం చేసుకోవద్దని నా మనవి. ఇలాంటి పని మేమూ చేశాం, తప్పు చేశాం.

మాది సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్ వైపు వానమీదే ఆధారపడిన ఊరు. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే మేం ఏడుగురం 2014లో లక్షా ఎనభై వేలు కూడబెట్టి విత్తనాలు, మందు కొట్టే పంపులు పంచాం. జాబితా రాసే పని ఊరి పెద్ద ఒకరికి అప్పగించాం. ఆయన మోసం చేయలేదు. పట్టాదారు పాసు పుస్తకాలు ముందు పెట్టుకుని పేర్లు రాశారు, అంతే. దాంతో ఎప్పుడో సేద్యం మానేసి పట్నం చేరినవారికి సంచులు అందాయి, వాళ్ల పొలాన్నే కౌలుకు చేస్తున్నవారికి గింజ కూడా దక్కలేదు. ఆడవాళ్ల పేర్లు మూడో నాలుగో ఉన్నాయి. పైగా మా సెలవులు చూసుకుని సభ పెట్టాం కనుక విత్తనం చేతికొచ్చేసరికి నేలలో పదును ఆరిపోయింది. సభ ముగిశాక ఒక కౌలు రైతు భార్య తాను తెచ్చుకున్న ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి, చంకలో ఇరికించుకుని వెళ్లిపోయింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆమె ముఖం చూడలేక నేను తల దించుకున్నాను.

ఆ తర్వాతే పస్తాపూర్ వెళ్లాం. పక్కనే ఉన్నా అంతవరకు పట్టించుకోలేదు. అక్కడ 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలతో పనిచేస్తోంది. సభ్యుల్లో ఎక్కువమంది చిన్న కమతాలున్న దళిత స్త్రీలు. 1990లలో వాళ్లు నడిపిన ధాన్యనిధి గురించి అక్కడే విన్నాం. బీడు పడిన పొలాలు దున్నించి, ఎరువు తోలించి, విత్తడానికి రైతులకు అప్పు ఇచ్చారు. ఆ బాకీ డబ్బుగా కాదు, కొన్నేళ్ల పాటు జొన్నలుగా తీర్చాలి. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, ఇంట్లో గింజలు అడుగంటే నెలల్లో పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చారు. వచ్చిన సొమ్ము మళ్లీ ఊరి నిధిలోకే చేరింది. బయటి నుంచి వచ్చిన డబ్బు ఒక్కసారి ఖర్చై పోకుండా ఊళ్లోనే తిరుగుతుంది. మీ ఐదు లక్షలకూ ఇలాంటి దారే వెతకమంటాను.

పేద ఇళ్లు ఏవో తేల్చింది కూడా ఊరివాళ్లే. నేలమీద ఊరి పటం గీసి, అందరి ఎదుట ఒక్కో ఇంటి గురించి మాట్లాడుకునేవారట. 2016లో మా ఊళ్లోనూ అదే పని చేశాం. గుడి ముందు ముగ్గుపిండితో వీధులు గీసి, కష్టంలో ఉన్న ఇంటిపై కందిగింజలు పెట్టమన్నాం. ఒక అవ్వ తన ఇంటి మీది గింజలు తీసి ఎదురింటిపై పోసింది. "నాకు కొడుకు పంపుతాడు. ఆమెకు పంపేవాళ్లు ఎవరున్నారు?" అంది. ఏ పాసు పుస్తకం ఈ సంగతి చెబుతుంది?

ఆ జాబితాతోనే మా విత్తన నిధి మొదలైంది. జొన్న, కంది, కొర్ర విత్తనాలు పద్దెనిమిది మంది ఆడవాళ్ల చేతికి ఇచ్చాం. శేరు తీసుకుంటే పంట వచ్చాక శేరున్నర తిరిగి ఇవ్వాలి. వాన ఎగ్గొట్టిన ఏడాది బాకీ పై ఏటికి జరుగుతుంది. ఈ రెండు షరతులూ వాళ్లు పెట్టుకున్నవే. మట్టి, పేడ కలిపి అలికిన వెదురు గుమ్ముల్లో బూడిద, వేపాకు వేసి విత్తనం దాస్తారు. ఎవరు ఎంత తీసుకున్నారో గోడమీదే రాసి ఉంటుంది. అది వీధిలోంచి పోయేవారికి కూడా కనిపించాలని పట్టుబట్టింది వాళ్లే.

బోరు విషయానికొస్తే, ఒకరికి వేయించిన బోరు పక్కవాడి బోరును ఎండగట్టవచ్చు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కూడా కావాలి. డ్రైవరు జీతం, డీజిలు, మరమ్మతు ఎవరు భరిస్తారో ఊరివాళ్లు ముందే ఒప్పుకుంటే తప్ప ట్రాక్టరు జోలికి పోకండి.

డబ్బు పంపే ముందు ఒకటి చూసుకోండి. మీలో భారత పౌరులుగానే ఉన్నవారు సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. పౌరసత్వం మార్చుకున్నవారి విషయం వేరు. వాళ్ల విరాళాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన సంస్థే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని మరో సంఘానికి బదిలీ చేయకూడదు. కాబట్టి మీ ఊరి సంఘానికి చేరుతుందన్న నమ్మకంతో ఎక్కడో పెద్ద సంస్థకు పంపకండి.

ఏటా సంక్రాంతి నుంచి దాదాపు నెల రోజులు జహీరాబాద్ ప్రాంతంలో పాత పంటల జాతర జరుగుతుంది. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. వీలుంటే ఆ సమయానికి రండి. మీ ఊరి నుంచి సేద్యం చేసే ఆడవాళ్లను ఓ పదిమందిని వెంటబెట్టుకు రండి, వాళ్ల బస్సు ఖర్చు ఆ ఐదు లక్షల్లోంచే పెట్టండి. తిరిగి వెళ్లాక మిగిలిన డబ్బు గురించి వాళ్లనే మాట్లాడనివ్వండి.